మా ఎదురింటి చెల్లెమ్మ పుస్తకాలు

మంగళవారం పొద్దున పది గంటలప్పుడు మసీదు మైకులో చెప్పారు, ఫలానా ఆయన భార్య చనిపోయారని, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని. చెప్పింది ఆమె భర్త పేరు. ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. అరుగు మీద కూర్చుని ఆయాసం మందు పీల్చుకుంటున్న నాకు ముందు అర్థం కాలేదు. పోయినవాడి పేరు మళ్లీ ఎందుకు చెప్తున్నారా అనుకున్నాను. తర్వాత ఎదురింటి తలుపుకు వేసి ఉన్న తాళం చూశాను.

ఆ పొద్దున్నే ఆమెను ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోయారు. కారు తలుపు వేసింది నేనే. ఛాతీలో మంటగా ఉంది, గ్యాసే అయి ఉంటుంది అన్నది. అద్దం దించి, "అన్నా, ఆ మాట రాసిపెట్టు. వచ్చినాక పేజీ పంపేస్తా" అన్నది.

"ముందు నువ్వు పోయి రా" అన్నాను.

దారిలో పొదిలి దాటకముందే ప్రాణం పోయిందట. ఆ మాట ఏమిటో, ఆ పేజీ ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మైకులో ఆమె పేరు రాలేదు. నేనూ రాయను. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆమెను చెల్లెమ్మా అనే పిలిచాను. నాకు తెలిసిన పేరు అదే.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పనివాణ్ణి. నలభై ఏళ్లు చేశాను. రాతి పొర లేపడం నా పని. గనిలోంచి వచ్చిన దిమ్మెను నిలబెట్టి, అంచు చూసి, సన్నని ఉలి ఆనించి తడితే పలక పలకగా విడిపోవాలి. ఎక్కువ కొడితే పగులుతుంది. తక్కువ కొడితే రాదు. నా అంత సన్నగా పొర లేపినవాడు ఈ ఊళ్లో లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఎవరినైనా అడగండి. అడగడానికి మా తోటివాళ్లు ఎవరూ మిగల్లేదు, అది వేరే సంగతి.

చదువు మూడో తరగతి. ఎంతోమంది పిల్లలు నేను లేపిన పలకల మీద అక్షరాలు దిద్దారు. నా అక్షరం మాత్రం ఈ రోజుకీ వంకరే. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే నేను ఊరుకోను. అందుకే రాయడమే మానుకున్నాను. ఇది ఇప్పుడు ఎట్లా రాస్తున్నానంటే, రోజుకు ఒక పేజీ, అది కూడా చేయి నొప్పి పుట్టేదాకా.

చెల్లెమ్మ భర్త మా ఫ్యాక్టరీలోనే రాయి కోసే మిషన్ మీద ఉండేవాడు. ఆమె పక్క షెడ్డులో పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. ఆడవాళ్లంతా మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలిస్తే, ఈమె మాత్రం చెత్తకుప్ప దగ్గర ఏదో ఏరుతూ కనపడేది. విరిగిన ఫ్రేము ముక్కలు, రంగు కాగితాలు, పెట్టెలకు చుట్టే దారం. ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఒక రోజు తన కూతురి చిన్నప్పటి ఫోటోలు పెట్టుకోవడానికి ఒక పుస్తకం చేసి తెచ్చింది. అట్టలు మా పెట్టెలవే. పేజీ అంచుకు జాకెట్టు లేసు. ఫోటో మూలలకు విరిగిన గాజు ముక్కలు అరగదీసి అంటించింది. ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకోవడానికి ఊళ్లో అట్లాంటి పని చేసేవాళ్లే లేరు.

ఆ పుస్తకం ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి పోయింది. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు చేసిపెట్టమని అడగడం మొదలుపెట్టారు. మైదాపిండి జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. ఆ వాసన వచ్చిందంటే ఎదురింట్లో ఎవరిదో పెళ్లి పుస్తకం తయారవుతోందని లెక్క. ఊళ్లో ఎవరింటి పెళ్లి పత్రికైనా అయిపోయాక ఆమె చేతికి చేరాల్సిందే. పసుపు బొట్టు పెట్టిన పత్రికలూ, ఉర్దూ అక్షరాల పత్రికలూ ఒకే ట్రంకు పెట్టెలో ఉండేవి.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఫోటోలు ఇచ్చేసి పోతామంటే ఒప్పుకునేది కాదు. కూర్చోబెట్టి, ఇది ఎక్కడ, వీళ్లెవరు, ఆ రోజు ఏం వండారు అని అడిగేది. అంతా విన్నాక ఒక కాగితం ముక్క ముందుకు తోసేది. ఆ ఇంటివాళ్లే తమ చేత్తో ఒక్క మాట రాయాలి. ఆ ముక్కను ఫోటో కింద అంటించాకే పేజీ బయటికి పోయేది.

"నేను రాస్తే నా పేజీ అవుతాది. మీరు రాస్తేనే మీ పేజీ" అనేది.

రాచర్ల దగ్గర ఒక గొర్రెల కాపరి ఇంట్లో పెళ్లికి ఆమె ఆటోలో పోయి రెండు రోజులు వాళ్లతో ఉండి వచ్చింది. పెళ్లికూతురి తల్లి వేలిముద్ర తప్ప ఏమీ ఎరగని మనిషి. ఆమెతో ఏం రాయించినావమ్మా అని మా ఇంటామె అడిగింది. ఆ తల్లి తన మంద గొర్రెలకు వేసే రంగు గుర్తును వేలితో కాగితం మీద గీసిందట. చెల్లెమ్మ దాన్నే అంటించింది, పక్కన చిటికెడు ఉన్ని పెట్టి. ఆ పుస్తకం నేను చూశాను. చూసి, "గొర్రె బొచ్చు గూడా డిజైనా?" అన్నాను.

"నీకు రాయి తప్ప ఏదీ ఆనదు గదా అన్నా" అన్నది.

భర్త పోయింది ఆ రోజుల్లోనే. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. మా ఫ్యాక్టరీలో చాలామంది అట్లాగే పోయారు. నేనూ అదే దారిలో ఉన్నాను, కాకపోతే నెమ్మదిగా. ఆయన చివరి ఆరు నెలలు పడుకోలేకపోయాడు. గోడకు దిండు ఆనించి కూర్చునే ఉండేవాడు. ఆ దగ్గు మా ఇంట్లోకి వినపడేది. ఆమె పక్కన కూర్చుని ఎవరిదో పెళ్లి పుస్తకానికి లేసు కుట్టుకుంటూ ఉండేది. చేయి ఆగితే ఇల్లు గడవదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. జనం ఫోటోలు కడిగించడం మానేశారు. అంటించడానికి ఫోటోయే లేకపోతే పుస్తకం ఎక్కడిది? రెండేళ్లు ఆమె ట్రంకు పెట్టె తెరవలేదు. మెయిన్ రోడ్డులో స్టూడియో పెట్టుకున్నాయన ఆమె పుస్తకాలు తన షాపులో ఉంచేవాడు. ఆయన స్టూడియో మూసేస్తూ పాత కంప్యూటరు, స్కానరు ఆమెకు ఇచ్చేశాడు. కూతురు గిద్దలూరులో ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చి, "ఇప్పుడు అందరూ కంప్యూటర్లోనే చేస్తున్నారు అమ్మీ. దీన్ని డిజిటల్ స్క్రాప్ బుక్ అంటారు" అని చెప్పింది.

నేను అక్కడే టీ తాగుతున్నాను. "స్క్రాప్ అంటే పాత ఇనుము గదా. దానికి ఈ పేరేంది?" అన్నాను.

"నేను మాత్రం ఏం చేస్తాండా? పారేసేవి ఏరుకునేదే గదా నా పని" అన్నది చెల్లెమ్మ.

అప్పటికి ఆమెకు యాభై దాటింది. ఇంగ్లీషు రాదు. కంప్యూటర్లో ఉండే బొమ్మలన్నీ ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకుని, పక్కన తెలుగులో రాసుకుంది. కత్తెర బొమ్మ, కోసేది. బకెట్టు బొమ్మ, రంగు పోసేది. కన్ను బొమ్మ, దాచేది, చూపేది. అట్లా ఒక్కొక్క బొమ్మ పట్టుకుని నెలల తరబడి కూర్చుంది. నడుం నొప్పికి గోడకు ఆనుకునేది. నేను పోయి చూసి, "చేతికి తగలని లేసు, ముట్టుకుంటే అద్దం. ఇదేం పనమ్మా" అనేవాణ్ణి. ఆమె ఇంకో బొమ్మ గీసుకునేది.

ఒక రోజు పోతే, కంప్యూటరు ముందు కండ్లు తుడుచుకుంటూ ఉంది.

"ఏందమ్మా, అది కొడతాందా నిన్ను?"

"పువ్వు చెరపబోతే ముఖం గూడా పోతాంది అన్నా. చూడు, పెండ్లికూతురికి ముక్కు లేకుండా చేసినా."

"స్టూడియో ఆయన్ను అడగాల్సింది."

"అడిగినా. లేయర్లు అన్నాడు. కనపడని అద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్ల అన్నాడు. కనపడనిదాన్ని నేనెట్ల పట్టుకునేది?"

లేయరు అంటే ఏమిటని అడిగాను. పొర అంటారట అన్నది. నాకు నవ్వొచ్చింది. లేచి ఇంటికి పోయి, పెరట్లో పడి ఉన్న రాతి దిమ్మె ఒకటి, నా ఉలి, సుత్తి తెచ్చి ఆమె వాకిట్లో కూర్చున్నాను. దిమ్మెను అంచు మీద నిలబెట్టాను.

"ఇది ఎన్ని రాళ్లు?"

"ఒకటే."

"కాదు. చూడు." అంచున ఉలి పెట్టి రెండు తట్లు తట్టాను. పైన పొర అప్పడంలా లేచి వచ్చింది. "ఇది ఒక రాయి. కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. చూసేదానికి ఒకటే. నువ్వు ఏ పొర మీద పని చేస్తాండావో ఆ పొర మీదనే నీ ఉలి ఉండాల. కింద పొర మీద పడిందా, అంతా పగుల్తాది."

ఆమె ఆ పలకను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత ఒక్కసారిగా లేచింది. "అల్లా! నేను కింద పొర మీద చెయ్యి పెట్టుకొని పైదాన్ని చెరుపుతాండా!" అని లోపలికి పరుగెత్తింది. కాసేపటికి పెళ్లికూతురి ముక్కు తిరిగి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమెకు పని పట్టుబడింది. ట్రంకు పెట్టెలోని లేసులు, గాజు ముక్కలు, పత్రికలు, చివరికి ఆ రాచర్ల ఉన్ని లాంటిదే ఇంకో పోగు, అన్నీ స్కానరు మీద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించింది. కనిగిరి వాళ్లు, గిద్దలూరు వాళ్లు ఫోన్లో ఫోటోలు పంపేవాళ్లు. ఎక్కడెక్కడి వాళ్లో ఆమె చేసిన అంచులు మాత్రమే కావాలని అడిగేవాళ్లట. పేజీ తయారైతే ఫోన్లోనే పంపేది. పుస్తకంగా కావాలంటే అచ్చు వేయించేది. పద్ధతి మాత్రం మార్చలేదు. ఫోన్ చేసి ఆ రోజు ఏం వండారని అడిగేది. ఆ ఇంటివాళ్లు కాగితం మీద తమ చేత్తో ఒక్క మాట రాసి, దాన్ని ఫోటో తీసి పంపాలి. మాట రాకపోతే పేజీ పోదు. ఒక టీచరమ్మ టైపు చేసి పంపితే వెనక్కి కొట్టింది.

"అసలు దాన్ని ఎప్పుడూ ముట్టుకోను అన్నా. దాని మీద ఇంకో పొర వేసుకొని నా పని నేను చేస్తా. నువ్వు చెప్పిందే గదా" అనేది నాతో.

ఇక నా ఫోటో సంగతి.

మా ఫ్యాక్టరీ ఓనరు ఒకసారి ఎవరో ఫోటోగ్రాఫరును పిలిపించాడు. అన్నం టైములో ఎనిమిది మందిమి రాతి దిమ్మెల మీద కూర్చుని ఉంటే తీశాడు. నాకు అప్పుడు ముప్పై లోపు. నా పక్కన చెల్లెమ్మ భర్త, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. అందరి జుట్టూ, కనుబొమలూ, చొక్కాలూ బూడిద రంగులో ఉన్నాయి. మేం పని చేస్తూ ఉన్న ఫోటో నా బతుకులో అదొక్కటే. అందులో ఏడుగురు పోయారు. పలక ఫ్రేములోనే అద్దం వేయించి గోడకు పెట్టుకున్నాను. ఒక వానకు గోడ చెమ్మ పట్టి ఫోటో అద్దానికి అంటుకుపోయింది. చెల్లెమ్మ చూసి, "దాన్ని కదిలించొద్దన్నా" అని, అద్దం మీదనే ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

"నీ ఫోన్లో పెట్టుకో. నాది నా గోడకు ఉంటాది" అన్నాను.

పోయినేడు ఆ అద్దం పగిలింది. కొత్తది వేయించాలంటే ఫోటోను విడదీయాలి. చెల్లెమ్మను పిలువు అన్నది మా ఇంటామె. ఎందుకు పిలవాలి? రాతిలో కాగితమంత పొర లేపినవాణ్ణి, కాగితాన్ని లేపలేనా? సన్నని ఉలి తీసుకుని, అంచు చూసి, మెల్లగా ఆనించాను. రాయి అయితే ఎక్కడ విడిపోవాలో దానికే తెలుసు. కాగితానికి తెలియదు. వెనక అట్ట చక్కగా విడివడి నా చేతిలోకి వచ్చింది. ఎనిమిది ముఖాలూ చీలికలు పేలికలుగా అద్దానికి ఉండిపోయాయి. గోకేకొద్దీ పొడి అయింది.

ఆ అద్దాన్ని మా ఇంట్లో ట్రంకు కింద దాచాను. మా ఇంటామె రెండు రోజుల్లో పట్టేసింది.

"మార్కాపురం మొత్తానికి పొర లేపే మొనగాడివి గదయ్యా. బాగా లేపినావు. ఇంక పో, ఎదురింటికి పోయి అడుగు. నీ మీసం ఏం ఊడిపోదు."

పోయాను. చెల్లెమ్మ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. "నేను తీసి పెట్టినా గదన్నా, యాడికీ పోలేదు. మంచి పేజీ చేసి పుస్తకంలో పెట్టిస్తా. వారం ఆగు" అన్నది. ఆ మాటకు నాకు ఊపిరి వచ్చింది, నిజం చెప్తున్నాను.

వారం తర్వాత పిలిచింది. కంప్యూటరు తెర మీద ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. నల్లని జుట్టు, తెల్లని చొక్కాలు, నున్నని ముఖాలు. నన్ను నేనే గుర్తుపట్టలేదు.

"ఎవరు వీళ్లు? పెండ్లికొడుకులా?"

"మీరే అన్నా. దుమ్మంతా తీసేసినా. బాగుండ్లా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవరు తీయమన్నారు నిన్ను? అది మరకా, కడిగేదానికి? అది మా పని. నీ మొగుడు ఆ దుమ్ముతోనే నీకు అన్నం పెట్టినాడు" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఆమె తెర వైపే చూస్తూ, "ఆ దుమ్ముతోనే పోయినాడు గదన్నా" అన్నది.

నేను లేచి వచ్చేశాను. నాలుగు నెలలు ఎదురింటి గడప తొక్కలేదు. వీధి వెడల్పు ఎనిమిది అడుగులు. ఆమె వాకిలి ఊడ్చేటప్పుడు నేను లోపలికి పోయేవాణ్ణి. నేను అరుగు మీద ఉంటే ఆమె తల వంచుకుని పోయేది. ఈ వయసులో పంతం మోయడం రాయి మోసినదానికంటే బరువు. అయినా దించలేదు. నాకు అది చేతకాదు.

ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజు, మా ఇంటామెకు మోకాలు పట్టేసి నేను లైన్లో నిలబడ్డాను. ముందు బిందె చెల్లెమ్మదే. నేను ఎటో చూస్తున్నాను. పైపు నా దాకా వచ్చింది.

"అన్నా, బిందె జరుపు. నీళ్లు నేలపాలు అయితాండాయి" అన్నది.

జరిపాను. అంతే. సాయంత్రం ఆమె, కూతురు ఇచ్చిపోయిన చిన్న కంప్యూటరు చంకలో పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. మా ఇంటామె టీ ఇచ్చి, "ఇంక మీరిద్దరూ కొట్టుకోండి" అని లోపలికి పోయింది.

చెల్లెమ్మ తెర నా వైపు తిప్పింది. ఎనిమిది మందీ తెల్లగా ఉన్నారు. పక్కన ఉన్న కన్ను బొమ్మ మీద వేలు పెట్టి నొక్కింది. దుమ్ము తిరిగి వచ్చేసింది. కనుబొమల మీద, చొక్కాల మీద, దిమ్మెల మీద, ఎక్కడిది అక్కడ.

"ఇదో నీ దుమ్ము. నేనేం పారేయలేదు. పైన పొర వేసినా అంతే. ఆ రోజే చూపిద్దామంటే నువ్వు నిలబడితే గదా."

నేను తెర దగ్గరికి వంగి మా కనుబొమలు చూసుకున్నాను.

"అడగకుండా కడిగినా, తప్పే. నీ పుస్తకంలో ఇట్లనే ఇస్తా. కానీ ఇన్నేండ్లు అందరికీ చేసినా, నాకు ఒక్కటి చేసుకోలేదు. ఇప్పుడు చేసుకుంటా. ఆయన్ను నా పుస్తకంలో నా ఇష్టమొచ్చినట్ల పెట్టుకుంటా. నువ్వు అడ్డం రావద్దు."

"నేనెందుకొస్తా."

"ఆర్నెల్లు కూర్చొనే నిద్రపోయినాడు అన్నా. ఒక్క పేజీలోనన్నా ఊపిరాడనీ."

ఆ దగ్గు నేనూ విన్నవాణ్ణే. అన్నాళ్లు ఆ పక్కన కూర్చున్న మనిషికి దుమ్ము ఏమిటో నేను చెప్పబోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పోతూ పోతూ ఒక కాగితం ముక్క అరుగు మీద పెట్టింది. "నీ మాట రాయి. రాస్తే పేజీ పంపేస్తా."

"నువ్వే రాయమ్మా. నీ అక్షరం బాగుంటాది."

"నా అక్షరం నాది. నీ పేజీకి నీ చెయ్యే కావాల. వంకర ఉంటే ఉండనీ."

రేపు అన్నాను. కళ్లజోడు లేదన్నాను. చేయి వణుకుతోంది అన్నాను. అసలు సంగతి, ఆ పుస్తకం నా మనవలు, వాళ్ల పిల్లలు చూస్తారు. నా వంకర అక్షరం వాళ్ల ఎదుట శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంట్లో ఒక పాత పలక ఉంటే దాని మీద రాసి చూసుకున్నాను. నచ్చలేదు. తుడిచేశాను. ఇంకోటి రాశాను. అదీ తుడిచాను. చెల్లెమ్మ కనపడినప్పుడల్లా, "ఏమైందన్నా మాట?" అనేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

"రెండు ముక్కలు రాసేదానికి ఇన్ని నెలలా? ఆ రోజు మాత్రం వీధంతా వినపడేటట్ల అరిచినావే" అనేది మా ఇంటామె.

అట్లా నెలలు గడిచాయి. మంగళవారం వచ్చింది. కారు అద్దం దించి ఆమె అడిగింది, నేను ముందు పోయి రమ్మన్నాను.

జనాజా వెంట శ్మశానం దాకా నడిచాను. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఎవరో స్కూటరు ఎక్కమన్నారు, ఎక్కలేదు. అందరితో పాటు మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. ఆమె భర్త పక్కనే చోటు దొరికింది.

ఆ తర్వాత రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. జబ్బు కాదు, అలసట. మనిషి ఉన్నప్పుడు ఎనిమిది అడుగులు దాటలేదు నేను. ఇప్పుడు దాటి ఏం లాభం అనిపించింది. మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక వాళ్ల కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మామూ, అమ్మీ పనులన్నీ చూస్తాండా. అందరివీ పంపేసింది. మీ పేజీ ఒక్కటే ఆగింది. కింద తెల్లగా ఒక పట్టీ వదిలిపెట్టి ఉంది. ఏం చేయమంటారు?"

"వస్తా పద" అన్నాను.

కంప్యూటరు ముందు ఆమె కూర్చునే చోట గోడకు తల ఆనిన మరక ఉంది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. తెర మీద మేం ఎనిమిది మందిమి, దుమ్ముతో. చుట్టూ ఏ లేసూ పెట్టలేదు, ఏ పువ్వూ పెట్టలేదు. అంచుకు మా దిమ్మెల రంగు మాత్రం పోసింది. నాకు ఏది ఇష్టమో నన్ను అడగకుండానే తెలుసు ఆమెకు.

ఆ అమ్మాయి కాగితం, పెన్ను ఇచ్చింది. రాశాను.

ఇది మేమే.

"అంతేనా మామూ?"

"అంతే."

"అక్షరాలు కొంచెం వరసగా జరపనా? కంప్యూటర్లో వస్తాది."

"మీ అమ్మ చంపుతాది" అన్నాను. ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. కాగితాన్ని ఫోన్‌తో తీసి, ఆ తెల్ల పట్టీలో పెట్టింది. పేజీ అచ్చుకు పోయింది. ఆమె బతికి ఉండగా నాలుగు నిమిషాల్లో అయ్యే పని అది.

లేవబోతుంటే నాకు గుర్తొచ్చి అడిగాను, "మీ అమ్మ తన పుస్తకం అన్నది. చేసుకున్నదా?"

ఆ అమ్మాయికి తెలియదు. వెతికింది. వాళ్ల నాన్న పేరుతోనే ఒక ఫైలు ఉంది. అందులో ఒక్కటే పేజీ. మిగతా ఏడుగురినీ తీసేసి, ఆయన్ను ఒక్కణ్ణే పెద్దగా చేసి పెట్టుకుంది. ముఖం కడిగింది. కనుబొమల్లో ఒక్కొక్క వెంట్రుకనూ విడదీసి నల్లగా చేసింది. చొక్కా గుండీల సందులు కూడా వదలకుండా తెల్లగా తీసింది. ఎన్ని రోజులు పట్టిందో. చేతుల దగ్గరకు వచ్చి ఆగింది. మోకాళ్ల మీద ఉన్న రెండు చేతులూ మణికట్టు దాకా బూడిద రంగులోనే ఉన్నాయి, గోళ్ల సందుల్లో రాతి పొడితో సహా.

"అయిపోలేదేమో మామూ. మిగిలింది నేను కడిగేయనా? నాకు వచ్చు."

ఆమెకు టైము చాలలేదో, కావాలనే వదిలిందో నాకు తెలియదు. అడిగేదానికి మనిషి లేదు.

"ఉండనీ తల్లీ" అన్నాను.

ఆ అమ్మాయి మౌసు మీద నుంచి చేయి తీసేసింది. కిటికీలోంచి ఎండ పడి తెర కొంచెం వెలిసినట్టు కనపడింది. ఆయన అట్లాగే కూర్చుని ఉన్నాడు, తెల్లని చొక్కాలో, అప్పుడే పని ఆపి వచ్చిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.